కారు గేరు నిర్ణయించేది ఎవరు: కొనేవాడా, అమ్మేవాడా?

నిజామాబాద్: కారు కొనడానికి పట్నం వచ్చే పల్లె రైతు షోరూములో రంగు గురించి అడుగుతాడు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో అడుగుతాడు, నెల వాయిదా ఎంత పడుతుందో అడుగుతాడు. చేత్తో గేరు మార్చే బండి తీసుకోవాలా, తానే గేరు మార్చుకునే ఆటోమేటిక్ బండి తీసుకోవాలా అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం అతను అడిగేది తక్కువ, అవతలివారు చెప్పేది ఎక్కువ. ఒక షోరూములో "ఆటోమేటిక్ మన ఊళ్లకు పనికిరాదు, చెడిపోతే బాగుచేసేవాడు దొరకడు" అంటారు. నాలుగు అడుగులు వేసి మరో షోరూముకు వెళితే "ఇంకా క్లచ్ తొక్కే బండి ఎవరు కొంటున్నారండీ? రేపు అమ్మాలన్నా ధర రాదు" అంటారు. రెండూ పూర్తి నిజం కావు. చాలా సందర్భాల్లో ఈ సలహాలో తేడా రావడానికి కారణం కొనేవాడి అవసరం కాదు. ఆ రోజు డీలరు యార్డులో నిలిచి ఉన్న బండ్లు ఏ రకానివి అన్నదే.

ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని ప్రాంతాల్లో ఒక సాధారణ కుటుంబం కారు కొనడం అంటే ఐదేళ్లో ఏడేళ్లో బ్యాంకుకు వాయిదాలు కట్టడం. గేరు ఎంపికలో పొరపాటు జరిగితే దాన్ని వెనక్కి తిప్పే దారి లేదు. బండిని నష్టానికి అమ్ముకోవాలి, లేదా నచ్చకపోయినా నడుపుకోవాలి. అందుచేత ఈ రెండు రకాల బండ్ల బాగోగులను, వాటి విషయంలో డీలర్ల ధోరణిని రైతు సోదరులు ముందుగా తెలుసుకోవడం అవసరం.

రైతుకు తెలియని విద్య కాదు

గేరు అంటే ఏమిటో ఈ ప్రాంతపు రైతుకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు. చెరకు ట్రాలీ కట్టిన ట్రాక్టరును కాలువ కట్ట ఎక్కించినవారికి చిన్న గేరు విలువ తెలుసు. మన ట్రాక్టర్లలో చాలావాటికి ముందుకు ఎనిమిది గేర్లు, వెనక్కు రెండు గేర్లు ఉంటాయి. నిజానికి అవి ముందుకు నాలుగు, వెనక్కు ఒకటి. హై, లో అనే మరో మీటతో ఆ లెక్క రెట్టింపవుతుంది. బరువు లాగేటప్పుడు చిన్న గేరు, ఖాళీగా వచ్చేటప్పుడు పెద్ద గేరు. బరువుతో దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే ట్రాలీయే ట్రాక్టరును తోసుకుపోతుందని కూడా వారు ఎరుగుదురు.

కారులో జరిగేదీ ఇదే. ఇంజను శక్తికీ చక్రాలకూ మధ్య క్లచ్ ఉంటుంది. ఎడమ కాలితో క్లచ్ తొక్కి ఆ రెంటినీ విడదీసి, ఎడమ చేత్తో గేరు మార్చి, మళ్లీ కలుపుతాం. ఆటోమేటిక్ బండిలో ఈ పని యంత్రమే చేసుకుంటుంది. డ్రైవరుకు మిగిలేవి రెండే: కుడి కాలి కింద యాక్సిలరేటరు, బ్రేకు.

అయితే ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద నాలుగు వేరువేరు యంత్రాలు అమ్ముతున్నారన్నది ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన సంగతి.

మొదటిది ఏ.ఎం.టి. ఇది పేరుకు ఆటోమేటిక్ గానీ లోపల ఉన్నది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్చే. క్లచ్ తొక్కడానికి కాలికి బదులు, గేరు మార్చడానికి చేతికి బదులు ఒక చిన్న పరికరాన్ని అమర్చారు. ధర తక్కువ. మైలేజీ ఇంచుమించు చేతి గేరు బండితో సమానం. కానీ గేరు మారేటప్పుడు బండి ఒక్క క్షణం ఆగినట్టయి కుదుపు తెలుస్తుంది.

రెండవది టార్క్ కన్వర్టరు. ఇందులో క్లచ్ ప్లేటుకు బదులు నూనె ద్వారా ఇంజను శక్తి చక్రాలకు చేరుతుంది. నెమ్మదిగా, కుదుపు లేకుండా నడుస్తుంది. బరువు తట్టుకుంటుంది. ధర ఎక్కువ, ఇంధనం కాస్త ఎక్కువ తాగవచ్చు.

మూడవది సి.వి.టి. ఇందులో మెట్లుమెట్లుగా గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య బెల్టు జరుగుతూ వేగాన్ని సర్దుకుంటుంది. గేర్‌లెస్ స్కూటరులో ఉన్నది ఈ ఏర్పాటే.

నాలుగవది రెండు క్లచ్‌ల గేరుబాక్సు. ఒక క్లచ్ ఒకటి, మూడు, ఐదు గేర్లను, రెండవది రెండు, నాలుగు, ఆరు గేర్లను చూసుకుంటుంది. అందువల్ల గేరు రెప్పపాటులో మారుతుంది. ఖరీదైన స్పోర్ట్స్ కార్లలో ఉండేది ఎక్కువగా ఇదే. మరమ్మతు వస్తే ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

"ఇది ఆటోమేటిక్" అని డీలరు అన్నప్పుడు ఈ నాలుగింటిలో ఏది అని అడగని రైతు, "ఇది ఎరువు" అంటే యూరియానో డి.ఏ.పి.యో అడగకుండా సంచి ఎత్తుకొచ్చినవాడితో సమానం.

లూనా నాటి నుంచే ఉన్నది

బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1930 దశకం చివర మొదలై ఈ ప్రాంతపు బ్రతుకును మార్చింది. ఆ ఫ్యాక్టరీ బాగా నడిచిన రోజుల్లో మన రోడ్ల మీద కనిపించిన కార్లు అంబాసిడర్, ఫియట్, జీపు. అంబాసిడర్‌కు, ఫియట్‌కు గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక గేరు కర్ర నేల మీదకు దిగింది. అన్నీ చేతి గేరు బండ్లే కనుక ఎంచుకునే సమస్యే లేదు. దొరకడమే గొప్ప.

గేర్లు మార్చే పని లేని బండి మన పల్లెలకు కొత్త అనుకోవడం కూడా పొరపాటే. 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్లకు గేర్లు మార్చే పని లేదు. పాల క్యాన్లు, గడ్డి మోపులు, ఎరువు బస్తాలు మోసిన బండ్లు అవి. 1984లో కైనెటిక్ హోండా స్కూటరు వచ్చినప్పుడు గేర్లు లేని స్కూటరు ఆడవాళ్ల బండి అని నవ్వినవారున్నారు. ఇవాళ ఏ ఊరి కిరాణా కొట్టు ముందు చూసినా గేర్‌లెస్ స్కూటర్లే నిలబడి ఉంటాయి. వాటిని నడిపేవారిలో మగవారూ తక్కువేమీ కాదు. మన పొలాల్లోకి వచ్చే గొలుసు చక్రాల వరికోత యంత్రాల్లో కూడా చాలావాటికి మీట ముందుకు తోస్తే ముందుకు, వెనక్కు లాగితే వెనక్కు నడిచే ఏర్పాటు ఉంది. మాటిమాటికీ క్లచ్ తొక్కే పని లేదు.

కార్లలో చవక ఆటోమేటిక్ మన దేశంలోకి వచ్చింది 2014లో. ఆ ఏడాది ఫిబ్రవరిలో మారుతి సంస్థ సెలేరియో కారులో ఏ.ఎం.టి. పెట్టింది. అంతకు ముందు ఆటోమేటిక్ అంటే డబ్బున్నవారి మాట. ఆ తర్వాత ఇతర కంపెనీలూ అదే దారి పట్టాయి. 2020లో వచ్చిన మహీంద్రా థార్ రెండు రకాలుగానూ దొరికింది. మన ఊళ్లలో కుర్రకారు స్పోర్ట్స్ కారుగా భావించే బండి అదే గనుక, చేతి గేరా, ఆటోమేటిక్కా అన్న వాదన ఇప్పుడు రచ్చబండ దాకా వచ్చింది.

గల్ఫ్ నుంచి వచ్చినవారి ఇబ్బంది

ఈ వాదనకు మన జిల్లాలో మరో కోణం ఉంది. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు వేసే రైతు కామారెడ్డి జిల్లాలోని ప్రైవేటు ఫ్యాక్టరీల వైపు చూడవలసి వచ్చింది. చాలా పొలాలు వరికి మారాయి. ఇక గల్ఫ్ వలస అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఉన్నదే. ఈ ప్రాంతంలో కొనే కార్లలో గల్ఫ్ సంపాదన వాటా చిన్నదేమీ కాదు.

అక్కడ హౌస్ డ్రైవరుగా పదేళ్లు పనిచేసి వచ్చిన మనిషి ఎక్కువగా నడిపింది ఆటోమేటిక్ బండే. పైగా అక్కడ రోడ్డుకు కుడి పక్కన నడపాలి, స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది. ఇంటికి వచ్చాక చేతి గేరు బండి ఎక్కితే ఎడమ కాలు అలవాటు తప్పి ఉంటుంది, గేరు కర్ర మరో చేతి వైపు ఉంటుంది. గంజు ప్రాంతంలో ఎడ్లబండి వెనుక ఆగి బయలుదేరాలంటే ఇంజను రెండు సార్లు ఆగిపోతుంది. ఇటువంటి మనిషితో "ఇక్కడ ఆటోమేటిక్ నడవదు" అని చెప్పి చేతి గేరు బండి అంటగట్టడం న్యాయమేనా?

మరో విషయం యువకులు గుర్తుంచుకోవాలి. యు.ఏ.ఈ.లో ఆటోమేటిక్ బండి మీద పరీక్ష పాసైనవారికి ఆటోమేటిక్ నడిపే లైసెన్సే ఇస్తారు. చేతి గేరు మీద పాసైనవారు రెండూ నడపవచ్చు. మన దేశంలో కార్లకు అటువంటి విభజన లేదు. 1988 మోటారు వాహనాల చట్టం గేరు ఉన్నది, గేరు లేనిది అని వేరు చేసింది ద్విచక్ర వాహనాలను మాత్రమే. ఆటోమేటిక్ కారు మీద పరీక్ష ఇచ్చినవారికీ మామూలు కారు లైసెన్సే వస్తుంది. చట్టం అడ్డుకోదు కదా అని క్లచ్ ఎప్పుడూ తొక్కని మనిషి చేతి గేరు బండి తీసుకుని జాతీయ రహదారి ఎక్కడం ప్రాణాలతో ఆట. గల్ఫ్ వెళ్లదలచినవారు ఇక్కడ చేతి గేరు బండి మీద నేర్చుకోవడమే మేలు.

డీలరు మాట వెనుక లెక్క

డీలర్లంతా మోసగాళ్లని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వారి కష్టం వారికుంది. షోరూములో కనిపించే కారు కంపెనీ అరువుకు పెట్టినది కాదు. డీలరు డబ్బు కట్టి, సాధారణంగా బ్యాంకు అప్పు తెచ్చి, కంపెనీ దగ్గర కొన్నది. బండి అమ్ముడుపోని ప్రతి రోజూ వడ్డీ పెరుగుతుంది. కంపెనీ నెలనెలా అమ్మకాల లక్ష్యం పెడుతుంది. ఏ రంగు, ఏ రకం ఎన్ని వస్తాయన్నది ప్రతిసారీ డీలరు ఇష్టప్రకారం జరగదు.

ఈ ఒత్తిడి ఎంతటిదో డీలర్ల సంఘమే ఒకప్పుడు బయటపెట్టింది. దేశవ్యాప్త డీలర్ల సమాఖ్య ఎఫ్.ఏ.డి.ఏ. 2024 సెప్టెంబరు నెల లెక్కల ప్రకారం, డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజుల అమ్మకాలకు సరిపడా కార్లు పేరుకుపోయాయి. వాటి విలువ సుమారు 79 వేల కోట్ల రూపాయలు. నిల్వ 21 రోజులకు మించకుండా ఉండాలని ఆ సమాఖ్యే కోరుతూ వచ్చింది. అంటే ఉండవలసిన దానికి దాదాపు నాలుగింతలు. అటువంటి స్థితిలో సేల్స్‌మన్ కళ్లు కొనేవాడి మోకాళ్ల నొప్పి మీద ఉంటాయా, యార్డులో దుమ్ము పట్టిన బండి మీద ఉంటాయా?

ఇందులోంచి పుట్టే ధోరణులు మూడు. మొదటిది, లేని రకం గురించి భయపెట్టడం. "ఆటోమేటిక్‌కు ఆరు నెలలు ఆగాలి" అన్న మాట ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ నిజమో కాదో తెలుసుకునే మార్గం పల్లె మనిషికి లేదు. రెండవది, నడిపి చూడనివ్వకపోవడం. చేతి గేరు బండి నడిపించి ఆటోమేటిక్ అమ్మడం, ఆటోమేటిక్‌లో కూర్చోబెట్టి చేతి గేరు అమ్మడం రెండూ తప్పే. మూడవది, మనిషిని చూసి అంచనా వేయడం. ధోవతి కట్టుకున్న రైతు వస్తే చవక రకం చేతి గేరు, కాలేజీ కుర్రవాడు వస్తే ఖరీదైన ఆటోమేటిక్ చూపించడం. ఆడవారు వస్తే అడగకుండానే ఆటోమేటిక్ వైపు నడిపించడం. బండి నడిపేది ఎవరు, ఏ దారిలో అన్నది మాత్రం అడగరు.

డీలర్ల వాదనలోనూ కొంత నిజం లేకపోలేదు. ఏ.ఎం.టి. పరికరం చెడితే దాన్ని కంప్యూటరు పెట్టి చూడాలి. పల్లె మెకానిక్కు వల్ల కాదు. పట్నంలోని కంపెనీ సర్వీసు కేంద్రానికి తీసుకురావాలి. బ్యాటరీ దిగిపోతే చేతి గేరు బండిని నలుగురు తోసి స్టార్టు చేయవచ్చు. ఆటోమేటిక్‌ను అలా తోసి స్టార్టు చేయడం కుదరదు. తాడు కట్టి లాక్కుపోతే చాలా ఆటోమేటిక్‌ల గేరుబాక్సు దెబ్బతింటుంది. ఈ మాటలు అమ్మే ముందు చెబితే సలహా. చేతిలో ఆటోమేటిక్ లేనప్పుడు మాత్రమే చెబితే అది వ్యాపారం.

కోట్ల కార్లకూ ఇదే కథ

ఈ తగవు మన జిల్లాతో మొదలైంది కాదు. అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ కార్లలో 1940 మోడలుకే పూర్తి ఆటోమేటిక్ గేరు వచ్చింది. నేడు అక్కడ కొత్త కార్లలో చేతి గేరువి నూటికి రెండు కూడా ఉండవు. చివరకు స్పోర్ట్స్ కార్లు కూడా ఆ దారి పట్టాయి. ఒకప్పుడు చేత్తో గేరు మార్చడమే స్పోర్ట్స్ కారు సొగసు. ఇటలీలోని ఫెరారీ సంస్థ 2012 ప్రాంతంలో చేతి గేరును మానేసింది. లాంబోర్గినీ 2013లో గల్లార్డో మోడలుతో పాటే చేతి గేరుకు స్వస్తి చెప్పింది. మనిషి ఎంత చురుకైనా రెండు క్లచ్‌ల యంత్రమంత వేగంగా గేరు మార్చలేడన్నది వారి వాదన. అందులో అబద్ధం లేదు.

కానీ జర్మనీకి చెందిన పోర్షే విషయంలో జరిగింది ఆలోచించదగినది. ఆ సంస్థ 2013లో తన 911 జి.టి.3 కారును ఆటోమేటిక్‌గా మాత్రమే అమ్ముతామంది. చేతి గేరు కావాలన్న కొనుగోలుదారులు అసంతృప్తి చెందారు, గట్టిగా అడిగారు. 2016లో అదే సంస్థ చేతి గేరుతో మాత్రమే 911 ఆర్ అనే కారును 991 బండ్లే తయారు చేసింది. వాటికి ఎంత గిరాకీ వచ్చిందంటే, కొన్నవారి దగ్గర నుంచి కొన్న ధరకు ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి ఇతరులు కొనుక్కున్నారు. దాంతో 2017లో జి.టి.3 కారులోనూ చేతి గేరును తిరిగి ఇవ్వవలసి వచ్చింది. జపాన్‌కు చెందిన టయోటా కూడా 2019లో సుప్రా కారును ఆటోమేటిక్‌గానే తెచ్చి, 2022లో చేతి గేరును చేర్చింది.

ఆ కార్లతో బోధన్ రైతుకు పని లేదు. ఆ సంఘటనలోని పాఠంతో పని ఉంది. "ఇక దొరకదు" అన్న మాట కంపెనీ నోట వచ్చినా అదే ఆఖరి మాట కాదు. కొనేవారు నలుగురు కలిసి తమకు కావలసింది గట్టిగా అడిగితే కంపెనీలే దిగివచ్చాయి. అక్కడ వారు అడిగింది చేతి గేరు, ఇక్కడ ఒకరు అడిగేది ఆటోమేటిక్ కావచ్చు. హక్కు మాత్రం ఒకటే.

లక్ష దాకా తేడా

ఇక డబ్బు సంగతి. చిన్న కార్లలో ఏ.ఎం.టి.కి చేతి గేరు కంటే సుమారు అర లక్ష ఎక్కువ ఉంటుంది. టార్క్ కన్వర్టరు, రెండు క్లచ్‌ల రకాలకు తేడా లక్ష దాటవచ్చు. కానీ అసలు తేడా అక్కడితో ఆగదు.

మన రాష్ట్రంలో 2022లో సవరించిన జీవితకాల పన్ను ప్రకారం 5 నుంచి 10 లక్షల లోపు కారుకు 14 శాతం, 10 లక్షలు దాటి 20 లక్షల లోపు ఉంటే 17 శాతం పన్ను ఉండేది. ఉదాహరణకు ఒక కారు చేతి గేరుతో 9 లక్షల 60 వేలు, ఆటోమేటిక్‌తో 10 లక్షల 20 వేలు అనుకుందాం. ఆ రేట్ల లెక్కన మొదటిదానికి పన్ను 1,34,400 రూపాయలు. రెండవదానికి 1,73,400 రూపాయలు. గేరు తేడా 60 వేలే అని సేల్స్‌మన్ చెబుతాడు. పన్నులో పెరిగిన 39 వేలు కలిపితే తేడా 99 వేలు. ఆ మొత్తాన్ని ఏడాదికి 9 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదాకు తీసుకుంటే నెలకు రెండు వేల పైన, అయిదేళ్లలో మొత్తం సుమారు లక్షా 23 వేలు కట్టాలి. కొనే రోజున పన్ను రేటు ఎంత ఉన్నదీ రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ డబ్బు దండగ అని కాదు. అవసరమైనవారికి ఇది దండగ కానే కాదు. అవసరం లేనివారి చేత పెట్టించడమే తప్పు.

ఎవరికి ఏది?

మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవారికి, పోలియో వల్ల ఎడమ కాలు బలహీనమైనవారికి ఆటోమేటిక్ విలాసం కాదు, అవసరం. చేతి గేరు బండి అయితే వారు మరొకరి మీద ఆధారపడాలి. ఆటోమేటిక్ అయితే ఆసుపత్రికైనా పెళ్లికైనా తామే వెళ్లగలరు. రోజూ నిజామాబాద్ బస్టాండు, గాంధీచౌక్ రద్దీలో తిరిగేవారికీ క్లచ్ తొక్కే శ్రమ తప్పుతుంది. గల్ఫ్‌లో ఆటోమేటిక్‌కే అలవాటు పడి వచ్చినవారికీ అదే సుఖం.

ఊరి నుంచి పొలానికి బురద దారిలో వెళ్లేవారికి, ఎరువులు, విత్తనాలు వేసుకుని తిరిగేవారికి, ఊళ్లోని మెకానిక్కు మీదే ఆధారపడేవారికి చేతి గేరు మేలు. బురదలో చక్రం కూరుకుపోతే ముందుకు వెనక్కు ఊపి బయటపడే పని చేతి గేరుతో సులువు. ఒకే బండిని అన్నదమ్ములు, కొడుకులు, అద్దె డ్రైవరు అందరూ నడిపే ఇంట్లోనూ చేతి గేరే నయం. అందరికీ వచ్చినది అదే.

ఆటోమేటిక్ తీసుకున్నవారు రెండు జాగ్రత్తలు మరువరాదు. ఒకటి, ఎడమ కాలును పూర్తిగా పక్కన పెట్టాలి. క్లచ్ అలవాటుతో ఎడమ కాలు బ్రేకు మీద పడితే బండి ఒక్కసారిగా ఆగి, వెనుక వచ్చే వాహనం గుద్దుతుంది. రెండు, కాలువ కట్ట వంటి ఎత్తు మీద ఆగినప్పుడు ఏ.ఎం.టి. బండి వెనక్కు జారవచ్చు. బండిలో ఆ జారుడును ఆపే ఏర్పాటు ఉందో లేదో కొనేముందే అడగాలి. లేకపోతే హ్యాండ్‌బ్రేకు వేసి కదలాలి. ఎత్తు మీద యాక్సిలరేటరుతో బండిని నిలబెడితే లోపలి క్లచ్ ప్లేటు మాడిపోతుంది. ఏ.ఎం.టి.లోనూ అరిగేది మామూలు క్లచ్చేనన్నది మరువరాదు.

అడిగి తీరవలసినవి

షోరూముకు వెళ్లేవారు కొన్ని పట్టుబట్టి అడగాలి. కొనదలచిన రకాన్నే, అంటే అదే గేరు ఉన్న బండినే, నడిపి చూపమనాలి. నడిపేది ఇంట్లో ఎవరో వారినే వెంట తీసుకువెళ్లాలి. వీలైతే అదే రోజు రెండు రకాలూ నడిపి చూడాలి. ఆటోమేటిక్ అయితే ఆ నాలుగింటిలో ఏదో చెప్పించుకోవాలి. బుకింగు రసీదు మీద మోడలు పేరుతో పాటు గేరు రకం, బండి ఇచ్చే తేదీ రాయించుకోవాలి. ఎన్ని నెలలు ఆగాలో నోటి మాటగా కాక కాగితం మీద ఉండాలి. నిల్వ ఉన్న బండి ఇస్తున్నారనుకుంటే తయారైన నెల, సంవత్సరం చూసుకోవాలి. అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21లో అది ఉంటుంది. ఇన్సూరెన్సు డీలరు చూపిన చోటే తీసుకోవాలన్న నిబంధన లేదు.

చెప్పినది ఒకటి, ఇచ్చినది ఒకటి అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం అండగా ఉంది. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే నిజామాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 నుంచి 10 లక్షల లోపు కొనుగోలుకు రుసుము 200 రూపాయలు. ఫిర్యాదుకు ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి సలహా పొందవచ్చు. అయితే కాగితం లేని మాటకు కమిషన్ ముందు విలువ ఉండదు. అందుకే రాయించుకోవడం అంత ముఖ్యం.

డీలర్లు సైతం ఆలోచించాలి. పల్లెల్లో ఒక ఇంటివారు కొన్న బండి బాగుంటే ఆ వీధిలో మరో నాలుగు బండ్లు అమ్ముడవుతాయి. బాగాలేకపోతే ఆ మాట తిరునాళ్ల దాకా పాకుతుంది. యార్డులో ఉన్నదాన్ని అంటగట్టి నేడు వడ్డీ తప్పించుకోవచ్చు, రేపటి గిరాకీని మాత్రం పోగొట్టుకుంటారు. రెండు రకాల బండ్లూ నడిపి చూపించే ఏర్పాటు ప్రతి షోరూములో ఉంచడం కంపెనీలకు పెద్ద భారం కాదు. డ్రైవింగ్ స్కూళ్లు కూడా చేతి గేరుతో పాటు ఆటోమేటిక్ బండి మీద కొన్ని రోజులు శిక్షణ ఇస్తే ప్రమాదాలు తగ్గుతాయి. రవాణా శాఖ అధికారులు ఈ విషయంలో చొరవ తీసుకోవలసిన అవసరం ఉంది.

ఎద్దుల జత కొనేటప్పుడు మన పెద్దలు పళ్లు చూసి, నడిపించి చూసి, కాడి కట్టి చూసి గాని బేరం ముగించేవారు కారు. సంతలో అమ్మేవాడి మాట విని ఎద్దును తోలుకొచ్చిన రైతు లేడు. అంతకు ఎన్నో రెట్లు ధర పెట్టి కారు కొనేటప్పుడు ఆ పాటి జాగ్రత్త తీసుకోకపోవడం ఎందుకు? వాయిదాలు కట్టేది మనం, నడిపేది మనం. ఏ గేరు కావాలో చెప్పవలసినదీ మనమే.